శుభలేఖలో బి.ఎస్సీ.

ఈ వారం నేను మీ ఎదుట ఒక నేరం ఒప్పుకోదలుచుకున్నాను. కంగారు పడకండి, పోలీసులు పట్టించుకునే నేరం కాదు. 1986లో మా పెళ్ళి శుభలేఖ అచ్చయింది. నాలుగు మూలలా పసుపు పూసిన ఆ కార్డు మీద వరుడి పేరు పక్కన, అంటే నా పేరు పక్కన, బి.ఎస్సీ. అని ఉంది. ఆ మూడక్షరాలూ అబద్ధం.

బొత్తిగా అబద్ధమని కూడా అనడానికి వీల్లేదు. కాలేజీలో మూడేళ్ళూ కూచున్న మాట నిజం. ఫిజిక్సు పాసయ్యాను, కెమిస్ట్రీ పాసయ్యాను, ఇంగ్లీషూ తెలుగూ పాసయ్యాను. లెక్కల్లో ఒకే ఒక్క పేపరు నన్ను దాటనివ్వలేదు. దాని పేరు డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. తెలుగులో అవకలన సమీకరణాలంటారు. ఏ భాషలో పిలిచినా నాకు పలకలేదు. మొదటిసారి 19 మార్కులు వచ్చాయి. సెప్టెంబరులో 27. మూడో దండయాత్రలో 31. గట్టెక్కడానికి 35 కావాలి. మా అన్నయ్య ఈ వరస చూసి, "పెరుగుతున్నాయిరా, ఇంకో రెండుసార్లు రాస్తే అయిపోతుంది" అన్నాడు. ఆ మాట ఎంత పొరపాటో నాకు తెలియడానికి నలభై ఏళ్ళు పట్టింది. ఆ సంగతి తరవాత చెబుతాను.

ఇంతలో ఇంటరు మార్కుల మీద బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం వచ్చాక సంబంధం వచ్చింది. మా నాన్నగారికి నేను చెప్పింది "ఆఖరి పేపరు రాశాను" అని మాత్రమే. రాసినవాడు పాసయ్యే ఉంటాడని ఆయన అనుకున్నారు, ఆ ప్రకారమే శుభలేఖ కాగితం రాసి ప్రెస్సుకు పంపారు. అచ్చయిన ఐదువందల కార్డులూ సంచిలో పెట్టుకుని వచ్చిన మా అన్నయ్యను పెరట్లోకి లాక్కుపోయి చూపించాను. వాడు తాపీగా చదివి, "అచ్చయిపోయిందిరా. ఇక నువ్వు పాసవడమే తరవాయి" అన్నాడు.

అంతే. ఆ రహస్యం ప్రపంచంలో ఇద్దరికే తెలుసు, వాడికీ నాకూ. పండక్కి కలిసినప్పుడల్లా వాడు నలుగురి ముందూ, "ఏమోయ్ బీయెస్సీ!" అని పిలిచేవాడు. అందరూ ముద్దుగా పిలుస్తున్నాడనుకునేవారు. 2021 మే నెలలో కరోనా మా అన్నయ్యను తీసుకుపోయింది. ఆఖరి చూపు కూడా దక్కలేదు. రహస్యం ఇక నా ఒక్కడిదే అయింది. ఒక్కడి దగ్గరే ఉన్న రహస్యం బరువు వేరు. అదే సంవత్సరం రిటైరయ్యాను. మరుసటి ఏడు సికింద్రాబాదులో మా ఇంటికి దగ్గరలో ఉన్న కేంద్రానికి వెళ్ళి, సార్వత్రిక విశ్వవిద్యాలయం వారి దరఖాస్తు తెచ్చుకున్నాను. ఇంట్లో ఉండి డిగ్రీ చదువుకునే ఈ పద్ధతి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1982లోనే మొదలైంది. దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో అదే మొదటిది. నా దండయాత్రలు ముగిసిన రోజులే అవి. నాకోసమే పెట్టినట్టున్నారు, నేనే నలభై ఏళ్ళు ఆలస్యంగా వెళ్ళాను.

మా ఆవిడతో "కాలక్షేపానికి" అన్నాను. ఆవిడ పైనుంచి కిందికి ఒకసారి చూసి, "మంచిదే. వంటింట్లోకి రావటం తగ్గుతుంది" అంది.

ఆదివారం తరగతులు. మొదటి రోజు వెళ్ళి కూచుంటే బల్లల మీద ఒక కానిస్టేబులు, మెడికల్ షాపులో పనిచేసే కుర్రాడు, ఇద్దరు గృహిణులు, ఇంకా పదిమంది పిల్లలూ ఉన్నారు. నన్ను చూసి అందరూ లేచి నిలబడ్డారు, పాఠం చెప్పేవాణ్ణనుకుని! అసలు మాస్టారు తరవాత వచ్చారు. మా అబ్బాయికంటే ఐదేళ్ళు చిన్న. ఆయన నన్ను "సార్" అంటారు, నేను ఆయనను "సార్" అంటాను. మాలో ఎవరు సారో తేలక కానిస్టేబులు చాలాకాలం ఇబ్బంది పడ్డాడు.

నా చిన్నప్పుడు ఈ విద్య నేర్చుకున్న తీరు మీకు చెప్పాలి. సమీకరణం కనబడగానే ముందు దాని గోత్రం కనుక్కోవాలి. ఎక్స్‌లన్నీ ఒక పక్కకూ వైలన్నీ ఒక పక్కకూ వస్తాయా? అయితే అది వేరియబుల్ సెపరబుల్. రావా? హోమోజీనియస్ ఏమో చూడు. అదీ కాదా? ఎగ్జాక్టు. కాకపోతే లీనియర్. ఏ గోత్రానికి ఆ మంత్రం. లీనియర్ అయితే ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టరనే అక్షింతలు వేసి రెండు పక్కలా గుణించాలి. బెర్నూలీ సమీకరణమని ఒకటుంది. అది లీనియర్‌లా కనిపిస్తుంది గాని కాదు, కుడి పక్కన వై ఘాతం ఒకటి అడ్డంపడుతుంది. దానికి దత్తత చెయ్యాలి. వై స్థానంలో జెడ్ అనే కొత్త పేరు పెట్టగానే గోత్రం మారి లీనియర్ ఇంటి పిల్లవాడైపోతుంది. యాకోబ్ బెర్నూలీ దీన్ని 1695లో లోకం ముందు పెడితే, మరుసటి ఏడే లైబ్నిజ్ ఆ దత్తత మార్గం చూపించాడు. మూడు వందల ఏళ్ళ పైబడినా ఇప్పటికీ పరీక్షలో అదే మంత్రం.

అన్నిటిలోకీ విద్యార్థుల పాలిటి కల్పవృక్షం క్లెరో సమీకరణం. అందరం క్లైరాట్ అనేవాళ్ళం. ఆయన ఫ్రెంచివాడని తెలియక. పద్దెనిమిదేళ్ళకే పారిస్ సైన్సు అకాడెమీలో సభ్యుడైన మహానుభావుడాయన. 1734 నాటి ఆ సమీకరణంలో పి అని ఉన్నచోటల్లా సి అని రాస్తే జవాబు వచ్చేస్తుంది. పి కొట్టేసి సి రాయటమే! నాకు వచ్చిన 19లో సగం ఆయన పెట్టిన భిక్షే.

ఇన్ని గోత్రాలూ ఇన్ని మంత్రాలూ కంఠతా పట్టినవాణ్ణి, 19 మార్కులెందుకు వచ్చాయంటే, ఆ సమీకరణం అసలు ఏం చెబుతోందో ఒక్కనాడూ అడగలేదు. అదొక మాట అనీ, ఎవరో ఏదో చెప్పటానికి రాసిన వాక్యమనీ నాకు తట్టలేదు. తప్పు అప్పటి మేష్టర్లది అని తోసెయ్యను. బల్ల మీద కూచున్నవాణ్ణి నేను, నాకూ నోరుంది.

మా కుర్ర మాస్టారు మొదటి తరగతిలో బోర్డు మీద ఒక్క సమీకరణమూ రాయలేదు. "గంటకు 40 కిలోమీటర్ల వేగంతో బస్సు పోతోంది. రెండు గంటలయింది. ఇప్పుడెక్కడుంది?" అని అడిగారు. "ఎనభై కిలోమీటర్లలో" అంది ఒకమ్మాయి. "ఎక్కడినుంచి?" అన్నారాయన. ఎవరం మాట్లాడలేదు. గుంటూరులో బయలుదేరిందా, నెల్లూరులో బయలుదేరిందా? వేగం ఎంత బాగా తెలిసినా ఎంత మారిందో చెప్పగలంగాని, ఎక్కడుందో చెప్పలేం. "ఆ బయలుదేరిన ఊరే, సార్, సి అంటే" అన్నారు నా వంక తిరిగి.

నేను కుర్చీలో కొంచెం కదిలాను. ఎందుకంటే సమాకలనం చేసిన ప్రతిసారీ చివర కలపవలసిన ఆ స్థిరాంకం, ఆ సి, నేను రాసిన మూడు పరీక్షల్లోనూ సగం చోట్ల మరచిపోయాను. మరచిపోయిన ప్రతిచోటా మార్కు పోయింది. మరచిపోక ఏం చేస్తాను? అదొక తోకలాగా కనిపించేది. బయలుదేరిన ఊరని ఎవరనుకుంటారు!

రెండో వారం పాఠం కాఫీ. వేడి వస్తువు ఎంత తొందరగా చల్లారుతుంది? గది వేడికంటే అది ఎంత ఎక్కువ వేడిగా ఉందో, ఆ తేడాను బట్టి. తేడా ఎక్కువైతే గబగబా చల్లారుతుంది, తగ్గేకొద్దీ నెమ్మదిస్తుంది. ఈ మాట న్యూటన్ 1701లో లాటిన్‌లో, తన పేరు కూడా పెట్టకుండా, రాయల్ సొసైటీ వారి పత్రికలో ప్రకటించాడు. దాన్నే గుర్తుల్లో రాస్తే ఒక చిన్న అవకలన సమీకరణం. మారే వేగం ఇంత అని చెబుతుంది, అంతకంటే ఒక్క ముక్క చెప్పదు. దాన్నుంచి ఏ నిమిషానికి ఎంత వేడి ఉంటుందో మొత్తం కథ మనం రాబట్టుకోవాలి.

ప్రయోగశాల సామాన్లు అమ్మే కొట్లో 110 డిగ్రీల దాకా చూపే గాజు థర్మామీటరొకటి కొనుక్కొచ్చాను. సాయంత్రం మా ఆవిడ కాఫీ గ్లాసు ముందు పెట్టగానే దాంట్లో ముంచాను.

"కాఫీకి జ్వరమా?" అంది.

80 డిగ్రీలుంది. గదిలో 30. అంటే తేడా 50. పది నిమిషాల తరవాత చూస్తే 60, తేడా 30. అంటే పది నిమిషాల్లో తేడా ఐదింట మూడు వంతులైంది. సమీకరణం చెప్పేదేమిటంటే, మరో పది నిమిషాల్లో ఆ ముప్ఫైలో మళ్ళీ ఐదింట మూడు వంతులే మిగలాలి. అంటే 18. గదివి 30 కలిపితే 48. కాగితం మీద 48 అని రాసి, బోర్లించి, గడియారం చూస్తూ కూచున్నాను. మా ఆవిడ కూడా కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఇరవై నిమిషాలైంది. థర్మామీటరు చూశాను: నలభై ఏడున్నర!

మీకు ఇది పెద్ద విషయంగా కనిపించకపోవచ్చు. నాకు ఒళ్ళు జలదరించింది. నలభై ఏళ్ళకిందట నన్ను మూడుసార్లు కిందపడేసిన ఆ గుర్తులు, మా వంటింటి గట్టు మీద, స్టీలు గ్లాసులో, చెప్పిన మాట నిలబెట్టుకున్నాయి. ఆ అరడిగ్రీ తేడా మూత లేని గ్లాసులోంచి పోయిన ఆవిరిదై ఉంటుంది.

"అంతా బాగానే ఉంది. మరి నేను గ్లాసులోంచి దవరాలోకి తిరగబోస్తే మీ లెక్క ఏమవుతుంది?" అంది మా ఆవిడ.

జవాబు చెప్పలేకపోయాను. వచ్చే ఆదివారం మాస్టారిని అడిగితే ఆయన సుద్దముక్క కింద పెట్టేశారు. "అడిగింది మీరు కాదు గదా?" అన్నారు. మా ఆవిడని చెప్పాను. "కె మారుతుంది సార్. సమీకరణంలో కె అనే అంకె ఒకటుంది చూశారూ, గ్లాసు లోహం, మూతి వెడల్పు, ఫ్యాను గాలి అన్నీ అందులోనే ఉన్నాయి. తిరగబోస్తే కాఫీకి గాలి ఎక్కువ తగులుతుంది, కె పెరుగుతుంది, తొందరగా చల్లారుతుంది. సాధించటం పుస్తకం నేర్పుతుంది. కె లో ఏమేమున్నాయో అడగటం ఎవరూ నేర్పరు. మేడంగారిని కూడా తీసుకురండి" అన్నారు. ఈ మాట ఇంటికొచ్చి చెప్పి ఉండవలసింది కాదేమో. ఆ రోజునుంచి మా ఇంట్లో ప్రతిదానికీ కె ఏమిటని అడగటం మొదలైంది.

అప్పుడే నా మార్కుల వరస కూడా గుర్తొచ్చింది. 19, 27, 31. ముప్ఫై ఐదుకు ఎంత తక్కువ? 16, 8, 4. ప్రతిసారీ తేడా సగమవుతోంది! అంటే నాలుగోసారి 33, ఐదోసారి 34, ఆరోసారి ముప్ఫైనాలుగున్నర. కాఫీ గది వేడికి దగ్గరవుతూనే ఉండి ఎన్నటికీ పూర్తిగా చేరనట్టు, నేను జీవితాంతం రాసినా 35 ముట్టుకునేవాణ్ణి కాదు. ఇంకో రెండుసార్లు రాస్తే అయిపోతుందన్న అన్నయ్యకు ఈ లెక్క చెప్పి ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

మెడికల్ షాపు కుర్రాడు మా అందరిలోకీ చురుకైనవాడు. వాడికి ఈ పాఠం మందుల్లో కనిపించింది. ఒంట్లోకి పోయిన పారాసిటమాల్ రెండు మూడు గంటలకోసారి సగమవుతుందట. ఆరు గంటలు గడిచేసరికి పావు వంతో, అంతకంటే తక్కువో మిగులుతుంది. డాక్టర్లు ఆరు గంటలకొకటని రాయటంలో ఈ లెక్క ఉంది. అదే రక్తపోటుకు వాడే అమ్లోడిపిన్ అయితే సగం కావటానికి 30 గంటల పైనే పడుతుంది, అందుకని రోజుకొకటి చాలు. సమీకరణం ఒకటే, కె వేరు. "ఇన్నాళ్ళూ చీటీ చూసి ఇచ్చేవాణ్ణి అంకుల్. ఇప్పుడు ఇచ్చేటప్పుడు గీత కనిపిస్తోంది" అన్నాడు. నాకు వాణ్ణి చూస్తే అసూయ కలిగింది. వాడికి ఇరవై రెండేళ్ళు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఈ కోర్సులో చెప్పేవన్నీ సర్కసు పులులు. కొరడా ఝళిపిస్తే స్టూలెక్కి కూచుంటాయి. అడవిలో ఉన్నవి వేరు. లోకంలో ఎదురయ్యే సమీకరణాల్లో ఎక్కువభాగానికి సూత్రంలాంటి జవాబు లేనే లేదు. గోడగడియారపు లోలకం సంగతే చూడండి. దాని అసలు సమీకరణం మనకు తెలిసిన మామూలు ప్రమేయాలతో తెగదు. ఊపు చిన్నదనుకుని సైన్ తీటాకు బదులు తీటా అని రాసుకుని గట్టెక్కుతాం. ఈ మాట మాస్టారు ఏడో వారంలో చెబితే కానిస్టేబులు చాలా నొచ్చుకున్నాడు. "మరి మొదటే చెప్పొచ్చుగా సార్" అన్నాడు. మొదటే చెబితే ఎవరు చేరతారు?

మూడో నెలలో ఒక ఆదివారం మాస్టారు పుస్తకాలు మూయించి, "మన ఊరి లెక్క ఒకటి చెబుతాను" అన్నారు. మేము కూచున్నచోటికి కొద్ది దూరంలో, బేగంపేటలో, ఒక పాత భవనం ఉంది. సైన్యంలో డాక్టరుగా ఉన్న రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్ట కోసి అందులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంతవరకూ బడిపిల్లలకు కూడా తెలుసు. తరవాతి సంగతి నాకు తెలియదు. ఆయన అక్కడితో ఆగలేదు, లెక్కలు మొదలుపెట్టాడు. దోమలను నిర్మూలించమంటే, దేశంలో ఉన్న దోమలన్నిటినీ చంపటం ఎవరి తరమని జనం నవ్వేవారు. అన్నిటినీ చంపనక్కర్లేదని ఆయన అవకలన సమీకరణాలతో చూపించాడు. మనుషులకు దోమలిన్ని అనే లెక్క ఒక హద్దుకు దిగువకు వస్తే చాలు, మలేరియా తనంతట తానే ఆరిపోతుంది.

రాస్ దగ్గర 1901లో పనిచేసిన మెకెండ్రిక్ అనే డాక్టరు తరవాత మన దేశంలో చాలా ఏళ్ళు ఉద్యోగం చేసి ఎడిన్‌బరో చేరాడు. అక్కడ కెర్మాక్ అనే యువకుడు తోడయ్యాడు. ఈ కెర్మాక్‌కు 1924లో ప్రయోగశాలలో జరిగిన ప్రమాదంలో రెండు కళ్ళూ పోయాయి. అప్పటికి ఇరవై ఆరేళ్ళవాడు. కళ్ళు పోయినవాడు మనసులోనే లెక్క చేసేవాడు. ఇద్దరూ కలిసి 1927లో అంటువ్యాధుల సమీకరణాలు ప్రకటించారు. లెక్క సరిపోతోందో లేదో చూడటానికి వాళ్ళు తీసుకున్నది బొంబాయిలో 1905-06లో ప్లేగుతో పోయినవారి వారపు అంకెలు. గీసిన గీత మీద ఆ అంకెలు దగ్గరదగ్గరగా కూచున్నాయి.

మాస్టారు బోర్డు మీద మూడు గదులు గీశారు. మొదటి గదిలో జబ్బు ఇంకా అంటనివాళ్ళు. రెండో గదిలో అంటినవాళ్ళు. మొదటి గదిలోంచి రెండో గదిలోకి మనుషులు పోయే వేగం ఆ రెండు గదుల్లో ఉన్నవాళ్ళ లెక్కలను గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. ఎవరో ఒకరు ఇంకొకరికి ఎదురుపడితేనే గదా అంటుకునేది! అందుకే మొదట నిప్పురవ్వలా ఉండి, ఉన్నట్టుండి ఎగిసి, అందరినీ కాల్చకుండానే ఆరుతుంది. 2020లో టీవీల్లో రోజూ చూపించిన ఆ ఏనుగు వీపులాంటి గీత ఇంతకూ ఇదే. గీతను వంచాలి, వంచాలి అని చెప్పేవారు గుర్తుందా? రెండు లెక్కల గుణకారంలో ఒక అంకె తగ్గించమని వాళ్ళు అడిగింది.

"మూడో గదిలో ఎవరు సార్?" అంది ఒక గృహిణి.

"తొలగినవాళ్ళమ్మా" అన్నారు మాస్టారు. "ఇక ఎవరికీ అంటించలేనివాళ్ళు. కోలుకున్నవాళ్ళూ, పోయినవాళ్ళూ. లెక్కకు ఇద్దరూ ఒకటే గది."

ఆ రోజు మిగతా పాఠం నాకు ఎక్కలేదు. బోర్డు మీద మూడో గది వంకే చూస్తూ కూచున్నాను. సమీకరణానికి కోపం తెచ్చుకుని ఏం లాభం? దానికి తెలిసింది ఎంతమంది ఏ గదిలో ఉన్నారన్నదే. వాళ్ళలో ఒకడు పండక్కి వచ్చి "ఏమోయ్ బీయెస్సీ" అనేవాడని దానికెలా తెలుస్తుంది? బస్సు దిగి ఇల్లు చేరేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మెడికల్ షాపు కుర్రాడు మాత్రం నా సంచీ పట్టుకుని స్టాపు దాకా వచ్చాడు. ఎందుకని అడగలేదు.

పరీక్ష 2023లో. వారం రోజులు మా ఇంట్లో టీవీ పెట్టలేదు. నేను పెట్టొద్దనలేదు. బెంగుళూరునుంచి మా అమ్మాయి ఫోను చేసి, నేను ఎమ్సెట్ రాసినప్పుడు కూడా ఇంత నిశ్శబ్దం లేదని అలిగింది. నేను పొద్దున్నే లేచి గోత్రాలు వల్లెవేసుకుంటూ, ప్రతి లెక్క చివరా గట్టిగా "ప్లస్ సి" అనుకునేవాణ్ణి. పాలవాడు కూడా నవ్వేవాడు.

పరీక్ష రోజు పొద్దున మా ఆవిడ చేతిలో పెరుగూ చక్కెరా పెట్టింది. చెప్పులు తొడుక్కుంటుంటే గుమ్మందాకా వచ్చి, "ఈసారైనా ఆ సి మరచిపోకండి" అంది.

రెండు మెట్లు దిగినవాణ్ణి ఆగిపోయాను. "ఈసారైనా అంటే?"

"ఈసారైనా అంటే ఈసారైనా అనే."

"నీకు... అన్నయ్య చెప్పాడా?"

"బావగారా? ఆయన చచ్చినా చెప్పరు. పెళ్ళయిన రెండో ఏడు మన పక్కవాటాలో మీ బ్యాంకాయనే ఉండేవారు, గుర్తుందా? మీతో పాటే చేరారు, మీ హోదాయే. ఆయన జీతంలో డిగ్రీ ఉన్నందుకు రెండు ఇంక్రిమెంట్లు ఎక్కువ వస్తాయని వాళ్ళావిడ బావి దగ్గర చెప్పింది. మరి మీకు ఎందుకు రావో నాకు లెక్కరాదనుకున్నారా?"

ముప్ఫై ఆరేళ్ళు! నా జీతం కాగితాన్ని ముప్ఫై ఆరేళ్ళు చూసి, మడిచి, బీరువాలో పెట్టిన మనిషి. ప్రమోషను పరీక్ష రాయలేదేమని చుట్టాలడిగితే, "ఆయనకు బదిలీలంటే పడదు" అని నా తరఫున ఆవిడే చెప్పేది. నేను నా తెలివితేటలకు మురిసిపోయేవాణ్ణి.

"మరి ఎందుకడగలేదు?"

"అడిగితే మీరు ఇంకో అబద్ధం చెబుతారు. బస్సుకు వేళయింది, పదండి."

పరీక్ష హాల్లో నా ముందు బల్లమీద కానిస్టేబులు, పక్కన పందొమ్మిదేళ్ళ పిల్ల. కాగితం ఇచ్చారు. క్లెరో మహానుభావుడు మొదటి ప్రశ్నలోనే దర్శనమిచ్చాడు. బెర్నూలీకి దత్తత చేశాను. మూడోదాని గోత్రం ఎంతకీ తేలలేదు. ఇరవై నిమిషాలు దాని మీదే పోయాయి. ఆఖరికి వదిలేశాను. తరవాత ఒక వస్తువు చల్లారే లెక్క వచ్చింది. వాళ్ళు ఇనుప ముక్క అని ఇచ్చారు గాని నా కళ్ళకు స్టీలు గ్లాసే కనిపించింది. నెమ్మదిగా, ఒక్కొక్క మెట్టూ రాశాను. రాసిన ప్రతిచోటా సి పెట్టాను. ఒక చోట రెండు సార్లు పెట్టి, ఒకటి కొట్టేశాను.

ఫలితాలు వచ్చినప్పుడు మా ఆవిడే ఫోనులో చూసి చెప్పింది. 58. కళ్ళజోడు పెట్టుకుని నేనూ చూశాను. యాభై ఎనిమిదే.

"అయితే ఇప్పుడు బి.ఎస్సీ. అయిపోయినట్టేనా?" అంది.

"ఎక్కడ! ఇంకా రెండేళ్ళుంది. మొత్తం మళ్ళీ రాయాలి."

"తరవాతేమిటి?"

"ఘన రేఖాగణితం. గోళాలూ, శంకువులూ."

"అది అప్పట్లో పాసయ్యారా?"

"పాసయ్యాను. 41 వచ్చాయి."

"నిజంగా?"

"నిజంగానే" అన్నాను. నమ్మినట్టు కనిపించలేదు.